మిగిలిన ఒంటె

అరబ్బు ఎడారిలో ఒక బావి దగ్గర ఇద్దరు కాపరులకు మాటా మాటా పెరిగింది. ఎవరి మంద ముందు నీళ్లు తాగాలన్నదే తగువు. ఒకడు కత్తి దూశాడు. రెండోవాడు అక్కడే కూలి ప్రాణం వదిలాడు. రెండు మందలూ మాత్రం ఒకే తొట్టిలో నీళ్లు తాగి వెళ్లిపోయాయి.

పోయినవాడికి అంతకుముందే భార్య పోయింది, తల్లిదండ్రులూ లేరు. ముగ్గురు కొడుకులు మిగిలారు. పెద్దవాడికి మీసాలు వచ్చాయి, నడిపివాడికి వస్తున్నాయి, చిన్నవాడికి ఇంకా మాటలే సరిగ్గా రాలేదు. ఖాజీ విచారిస్తే కావాలని చేసిన హత్యే అని తేలింది. ఇక ప్రాణానికి ప్రాణం అడగడమా, రక్తధనం కింద నూరు ఒంటెలు పుచ్చుకోవడమా, ఊరికే క్షమించడమా అన్నది వారసులు తేల్చుకోవాలి. వారసుల్లో పసివాడున్నాడు గనక వాడికి ఊహ తెలిసి వయసు వచ్చేదాకా ఆగాలని చెప్పి, ఖాజీ హంతకుణ్ణి చెరలో పెట్టించాడు.

ఏళ్లు గడిచాయి. పెద్దవాడు తెల్లవారగానే గడప మీద కూర్చుని తండ్రి కత్తికి సాన పట్టేవాడు. నడిపివాడు లోకజ్ఞానం ఉన్నవాడు. హంతకుడి తెగ పెద్దలు నూరు ఒంటెలు తోలుకొస్తే చాలవన్నాడు. రెండు వందలతో వస్తే గడప మీది అన్నను చూపించాడు. వెయ్యికి ఒక్కటి తగ్గినా అన్నను ఆపడం తనవల్ల కాదని చెప్పి పంపేశాడు. అన్న కత్తి నూరేకొద్దీ తమ్ముడి బేరం పెరిగింది. పాపం, అన్నకు ఆ సంగతి తెలియనే తెలియదు. అవతల హంతకుడి భార్య నగలమ్మింది, చుట్టాలు మేకలమ్మారు, గుడారం గుడారానికీ తిరిగి చందాలెత్తారు. వెయ్యి మాత్రం పోగవలేదు.

చిన్నవాడు పరుల మందలు కాసుకుంటూ పెరిగాడు. ఇంట్లో కత్తి మాటా బేరం మాటా రోజూ చెవిన పడేవి. తండ్రి ఎలాంటివాడో చెప్పిన మనిషి లేడు.

వాడికి వయసు వచ్చాక ఖాజీ ముగ్గుర్నీ పిలిపించాడు. పెద్దవాడు ప్రాణమే కావాలన్నాడు. నడిపివాడు వెయ్యి ఒంటెల సంగతి ఎత్తాడు. చిన్నవాడు తాను ప్రాణం అడగనని, నూరింటిలో తన వాటా ఇస్తే చాలని చెప్పి కూర్చున్నాడు.

వారసుల్లో ఏ ఒక్కరు వదులుకున్నా మరణశిక్ష తప్పిపోతుంది. ఖాజీ అదే తీర్పు చెప్పాడు. పెద్దవాడు కత్తి ఒరలో పెట్టుకోక తప్పలేదు. నడిపివాడికి విషయం అర్థం కావడానికి ఇంకాస్త సమయం పట్టింది. చావు భయమే పోయాక వెయ్యి ఒంటెలు ఎవరిస్తారు?

నూరు ఒంటెలూ వచ్చాయి. తలా ముప్పై మూడు పోగా ఒకటి మిగిలింది. ఆ ఒక్కదాని కోసం అన్నలిద్దరూ పొద్దుగూకేదాకా పోట్లాడుకున్నారు. తండ్రి పోయిన రోజున కూడా ఆ ఇంట అంత గొడవ వినలేదని ఇరుగుపొరుగు చెప్పుకున్నారు. చివరికి ముగ్గురినీ ఒప్పించి ఖాజీ దాన్ని కోయించాడు, రెండు తెగలకూ ఒకే పంక్తిలో భోజనం పెట్టించాడు. ప్రాణం అడగనన్నవాడు ఒంటెలెందుకు పుచ్చుకున్నాడని ఆ పంక్తిలోనే కొందరు నవ్వారు. వాడు ఏమీ అనలేదు. మర్నాటి నుంచి సొంత మంద కాసుకున్నాడు.

నీతి: ఇంటి దిక్కు పోయిన పిల్లలు తిండికి అల్లాడకూడదని, ఒక చావు వెనక ఇంకో చావు రాకూడదని పెట్టిందే రక్తధనం, కాబట్టి దాన్ని పుచ్చుకున్నవాడు సిగ్గుపడనక్కర్లేదు. అయితే అడిగేవాడు మర్యాదగా అడగాలని, ఇచ్చేవాడు మంచిమనసుతో ఇవ్వాలని ఖురాన్ రెండో అధ్యాయమే షరతు పెట్టింది. సౌదీ కోర్టుల్లో 2011లో కావాలని చేసిన హత్యకు రక్తధనం 4 లక్షల రియాళ్లని ఒక లెక్క కట్టారు. అన్న కత్తి చూపించి ఆ పైన అడిగేది తండ్రి పేరు మీద చేసే వ్యాపారమే.