భూమిశయులు: గోదావరి డెల్టాలో ఎలుకల నివారణ, హింసావిచారం

వరి సాగు గురించి రైతులకు అందే కరపత్రాల్లో, రేడియో ప్రసంగాల్లో ఎలుక ప్రస్తావన వచ్చినప్పుడు ‘చంపడం’ అనే క్రియ అరుదుగా వినిపిస్తుంది. నివారణ, నియంత్రణ, నిర్మూలన అనే మాటలే ఎక్కువ. ఇటీవలి దశాబ్దాల్లో వీటికి ‘యాజమాన్యం’ తోడైంది. ‘ఎలుకల సమగ్ర యాజమాన్యం’ అనే పదబంధం అనువాదంగా పుట్టిందే అయినా, దానిలోకి ఒక పాత అర్థం తెలియకుండానే వచ్చి చేరింది. యజ్ఞం ఎవరికోసం జరుగుతుందో అతడు యజమానుడు. ఖర్చు అతనిది, ఫలం అతనిది. పశువును చంపే పని మాత్రం అతనిది కాదు. దానికి శమిత అనే వేరొక మనిషి ఉంటాడు. పశువుకు ఊపిరాడకుండా చేసే వేళ తక్కినవారు ఆ దృశ్యానికి సాక్షులు కాకుండా ఆహవనీయాగ్ని వైపు తిరిగి కూర్చోవాలని శతపథబ్రాహ్మణం చెబుతుంది. ఆ వధకు ‘సంజ్ఞపనం’ అని పేరు, అంటే సమ్మతింపజేయడం. చంపడానికి మెత్తని పేరు పెట్టడం వ్యవసాయశాఖతో మొదలు కాలేదన్నమాట.

డెల్టా వరిచేలో ఎలుకను చంపవచ్చునా అనే ప్రశ్నకు సమాధానం చెప్పడం అంత కష్టం కాదు. చంపక తప్పనప్పుడు చంపించేవాడు ఎంత దూరంలో నిలబడుతున్నాడు, ఆ దూరం దోషాన్ని తగ్గిస్తుందా, లేక మరొకరి నెత్తికెత్తుతుందా అన్న ప్రశ్నే కష్టమైనది. దానికి ముందు అవసరం ఎంతటిదో చూడాలి.

1852లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత గోదావరి డెల్టా క్రమంగా రెండు పంటల నేల అయింది. సార్వా కోసిన కొద్ది వారాలకే దాళ్వా ఊడ్పులు మొదలవుతాయి. ఎలుకకు ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు ఉండదు. చేలో నీరు నిలిచినా గట్టు పొడిగా ఉంటుంది; గట్టులో కలుగు, కలుగుకు రెండడుగుల దూరంలో ఆహారం. పందికొక్కు జాతి ఎలుకలు పిలక దశలో దుబ్బులను కొరుకుతాయి, ఈనిన తరువాత కంకులను తుంచి కలుగులోకి ఈడ్చుకుపోయి దాస్తాయి. ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక తినడానికే కాదు, పళ్లు అరగడానికీ కొరకాలి. అందుకే తిన్నదానికంటె నరికి పడవేసినది ఎక్కువగా కనిపిస్తుంది. కలుగులు పడిన గట్టు నుంచి నీరు జారిపోవడం మరొక నష్టం. పశ్చిమగోదావరిలోని మార్టేరు వరి పరిశోధన స్థానంలో ఎలుకలపై ప్రత్యేక పరిశోధన జరుగుతున్నదంటేనే సమస్య తీవ్రత అర్థమవుతుంది. పైగా ఈ జిల్లాల్లో సాగులో పెద్ద భాగం కౌలుదారులది. పంట ఎలుకల పాలైనా కౌలు ధాన్యం తగ్గదు. గట్టు మీద నిలబడి నరికిన దుబ్బులు లెక్కపెట్టుకొనే కౌలుదారుకు అహింసను గూర్చి ఉపన్యసించే అర్హత, ఆ ధాన్యం తింటున్న ఎవరికీ లేదు.

చంపే పద్ధతులు స్థూలంగా మూడు: బుట్ట, ఊదర, మందు. ఈ మూడింటిలో చంపే చేయి చచ్చే ప్రాణికి ఒకదానికంటె ఒకటిగా దూరమవుతూ వస్తుంది.

బుట్టల పని సాయంత్రపు పని. ఎలుకలు పట్టేవారు పొద్దు వాలేవేళకు వెదురుబద్దల బిగువుతో పనిచేసే బుట్టలను మోసుకొచ్చి, ఎలుకల నడకదారులు చూసి, గట్ల వెంట ఎర పెట్టి అమరుస్తారు. తెల్లవారకముందే ఎత్తుతారు. పట్టిన ఎలుకల లెక్కను బట్టి కూలి. ఏ దారి పాతది, ఏది నిన్నటిది, ఎక్కడ తల్లి ఉన్నది, ఎక్కడ కలుగు విడిచిపెట్టి పోయింది అనేది బురదమీది గుర్తుల నుంచి చదవగలవారికే ఈ పని చేతనవుతుంది. వారి చేతికి ప్రతి ఎలుకా విడిగా వస్తుంది, ప్రతిదాన్నీ చూస్తారు.

ఊదర ఇంకా పాతది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో యానాదుల ప్రకరణం ఈ పద్ధతిని దాని తెలుగు పేరుతోనే నమోదు చేసింది. కుండలో గడ్డి కూరి నిప్పు పెట్టి, కుండమూతిని కలుగు ద్వారానికి ఆనించి, కుండకున్న చిన్న చీలిక గుండా ఊదుతారు. పొగకు ఊపిరాడక పందికొక్కు రెండవ ద్వారం నుంచి వెలికివస్తుంది. అక్కడ మనిషి కాచుకొని ఉంటాడు. నేటి పత్రికాభాషలో ‘ఊదరగొట్టడం’ అంటే ప్రచారంతో ఊపిరి తిప్పుకోనీయకపోవడం. మాటను నాగరికులు ఉంచుకొని పనిని యానాదులకు వదిలారు. కలుగు తవ్వినప్పుడు దొరికే ధాన్యం తవ్వినవారిదే అనే వాడుక కూడ ఈ వృత్తిలో భాగం. ఎలుక మాంసం వారికి ఆహారం. సరిగ్గా ఆ ఆహారాన్నే తక్కిన ఊరు తిట్టుగా మార్చుకుంది. పంట కాపాడినందుకు కూలి ఇచ్చే చేయి, ఆ కూలిమనిషికి అరుగు మీద చోటు ఇవ్వలేదు. శమిత యజ్ఞశాలకు అవసరమైనవాడే, కాని అతడు పని చేస్తుంటే చూడకూడదు. రెండింటిలోనూ ఏర్పాటు ఒకటే.

మూడవది మందు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువుగా మారి కొద్ది గంటల్లో చంపుతుంది. కాని తోటి ఎలుక చావును, రుచి తేడాను పసిగట్టి తక్కినవి ఎరను ముట్టడం మానేస్తాయి. అందుకే ముందు మందు లేని నూకలను పెట్టి వాటికి నమ్మకం కలిగించాలి. బ్రోమాడయోలోన్‌కు ఆ శ్రమ లేదు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి పొట్లాలు కడతారు. ఒక సాయంత్రం గట్లమీది కలుగులన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకొని కనిపించినవాటిలోనే పొట్లం వేస్తారు. ఈ మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని హరిస్తుంది. ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులపాటు లోలోపల రక్తస్రావమై, చాలావరకు కలుగులోనే చస్తుంది. ఆలస్యమే ఈ మందు గుణం. తిన్నదానికీ చావుకీ మధ్య ఎడం ఉంటుంది కనుక ఎలుకల్లో ఏ ఒక్కటీ రెండింటినీ ముడిపెట్టలేదు. దాని బాధ ఎంత సాగితే మందు అంత సమర్థం.

మందు వైపు చెప్పదగిన మాటలు ఉన్నాయి, వాటిని దాటవేయడం న్యాయం కాదు. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు, బ్రోమాడయోలోన్‌కు విటమిన్-కె విరుగుడుగా ఉంది. పసిపిల్లలున్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఒక రైతు చేలో ఎలుకలు పోతే పక్క చేలోవి వచ్చి చేరతాయి కనుక ఊరంతా ఒకే రోజున పని జరగాలి, అంత విస్తీర్ణానికి బుట్టలు చాలవు. సామూహిక నివారణ కార్యక్రమాలకు ఇదే సమర్థన. అయితే ఆ ‘సామూహిక’ అన్న మాటలో మరొక సౌకర్యం దాగి ఉంది. మందు ఒకరిచ్చినది, పొట్లాలు ఒకరు కట్టినవి, వేసినవారు వేరొకరు, తిన్నది ఎలుక స్వయంగా. వేల ప్రాణాలు పోయినచోట చంపినవాడంటూ ఎవడూ మిగలడు. సార్వా చేలు పిలకలు వేసే రోజుల్లోనే వినాయకచవితి వస్తుంది. మూషికవాహనుడి ముందు ఉండ్రాళ్లు పెట్టిన చేతికీ గట్టుమీద పొట్లం వేసిన చేతికీ వైరుధ్యం తోచకపోవడానికి కారణం భక్తిలోని లోపం కాదు, చావు కనబడకపోవడం.

ఈ కనబడకపోవడం గురించి తెలుగు సాహిత్యంలో అన్నిటికంటె లోతైన విచారం ధర్మవ్యాధుని కథలో ఉంది. ఎఱ్ఱన అరణ్యపర్వశేషం ద్వారా ఈ కథ తెలుగువారికి అందింది. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు కింద వేదం చదువుతుండగా పైనున్న కొక్కెర రెట్ట వేస్తుంది. అతడు కోపంతో తల ఎత్తి చూస్తాడు. పక్షి చచ్చి పడుతుంది. హింసను గూర్చిన ఈ ఉపాఖ్యానం మాంసం దుకాణంలో కాక, ఆయుధం లేని, చేయి ఎత్తని ఒక వధతో మొదలవుతున్నదని వ్యాఖ్యాతలు తగినంతగా పట్టించుకోలేదు. తరువాత అతడు మిథిలకు వెళ్లి మాంసం అమ్ముకొనే వ్యాధుని ముందు నిలబడతాడు. దూరం నుంచి చంపినవాడు, రక్తం అంటిన చేతులవాని వద్ద ధర్మం నేర్చుకొంటాడు.

సంస్కృత మూలంలో వ్యాధుడు చెప్పే మాటల్లో రెండు ఇక్కడ ముఖ్యం. సేద్యం మంచి పని అని లోకం అనుకొంటుంది గాని నాగలి భూమిలో శయనించే ప్రాణులను ఎన్నిటినో చంపుతుంది, ధాన్యపు గింజలు కూడ జీవాలే అన్నది మొదటిది. మనుస్మృతి పదవ అధ్యాయంలోనూ నాగలి కొయ్య భూమినీ భూమిశయులనూ చంపుతుందనే మాట ఉంది. కాని మనువు దానినుంచి తీసిన ముగింపు వేరు: కృషి నింద్యమైన వృత్తి, పై వర్ణాలవారు మానుకోవాలి. అంటే అన్నం కావాలి, నాగలి వేరొకడు పట్టాలి. వ్యాధుడు అదే వాస్తవాన్ని పట్టుకొని అటు పోడు. దున్నేవాడు, తినేవాడు, నడిచేవాడు అందరూ చంపుతూనే ఉన్నారంటాడు. దీనిని ‘అందరూ చేస్తున్నదే కనుక దోషం లేదు’ అనే సమర్థనగా చదవడం పరిపాటి. ఆ పఠనం కథకు న్యాయం చేయదు. వ్యాధుడు తన వృత్తి ఘోరమైనదనే ఒప్పుకొంటాడు. అతడు తీసివేస్తున్నది దోషాన్ని కాదు, ఎదుటివాడి శుద్ధిని.

రెండవ మాట ఇంకా ఇబ్బందికరం. పందులను, దున్నలను తాను స్వయంగా చంపనని, ఇతరులు చంపినవాటిని అమ్ముతానని వ్యాధుడు చెప్పుకొంటాడు. ఇక్కడ మహాభారతం తన గురువును కూడ విడిచిపెట్టలేదు. మాంసం దుకాణంలోనూ ఒక శమిత ఉన్నాడు; అతడు కథలోకి రాడు, అతనికి పేరు లేదు, అతని వద్దకు ధర్మం నేర్చుకోవడానికి ఎవరూ వెళ్లరు. డెల్టాలో బుట్ట మోసే మనిషి స్థానం అది. నీతిచంద్రికలో చిన్నయసూరి హిరణ్యకుడనే ఎలుకకు బుద్ధి, స్నేహం, వాక్చాతుర్యం అన్నీ ఇచ్చాడు. బోయవాడికి మాత్రం వల, అత్యాశ. 1853 నుంచి పాఠశాలల్లో ఆ కథలు చదివిన తరాలకు ఎలుకతో సానుభూతి అబ్బింది గాని ఎలుకలు పట్టేవానితో అబ్బలేదు.

పద్ధతిని బట్టి నీతి మారుతుందా అనే సందేహానికి ఒక విదేశీ ఉదాహరణ ఉపకరిస్తుంది. బ్రిటన్ పొలాల్లో మన ఎలుక స్థానం కుందేలుది. అక్కడి రైతులు సంధ్యవేళ ఎయిర్ రైఫిల్‌తో కంచె పక్కన మాటువేసి కుందేళ్లను కాల్చడం సాధారణం. 1953లో మిక్సోమటోసిస్ అనే వ్యాధి అక్కడికి చేరి కుందేళ్లను గుంపులుగా, వికృతంగా చంపింది. పంటలకు అది వరమే. అయినా 1954లో చేసిన హానికర జంతువుల చట్టం ఒకవైపు కుందేళ్ల నివారణను భూమి అనుభవదారుల బాధ్యతగా చేస్తూనే, రోగగ్రస్తమైన కుందేళ్ల ద్వారా వ్యాధిని తెలిసి వ్యాపింపజేయడాన్ని నేరం చేసింది. చంపు, కాని ఈ విధంగా కాదు అని ఒక చట్టం చెప్పగలిగింది. మన చట్టాలు ఇటువంటి తేడా పాటించలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాకి, పండ్లు తినే గబ్బిలం, చుంచు, ఎలుకలను హానికర జంతువుల షెడ్యూలులో పెట్టి రక్షణ వెలుపల ఉంచింది. 2022 సవరణ ఆ షెడ్యూలును తొలగించినా అటువంటి ప్రకటన చేసే అధికారాన్ని కేంద్రం వద్దే ఉంచింది. అడవి కుందేలును, అదే మన చెవులపిల్లిని, వేటాడితే నేరం. ఎలుక ఎలా చచ్చినా అడిగేవారు లేరు.

రైఫిల్ పట్టినవానిలో వేట సరదా ఉంటుందనే ఆక్షేపణ నిజమే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. డెల్టాలో ఎయిర్‌గన్ చాలామందికి తీర్థంలో బుడగలు పేల్చే వస్తువుగానే పరిచయం. ప్రాణం మీదికి గురిపెట్టి ఆనందించడం అసహ్యంగానే తోస్తుంది. అయితే సరదా ఒక దోషం, చూడకపోవడం మరొకటి. గురి తప్పితే ప్రాణి గాయంతో ఈడ్చుకుంటూ పోతుందని రైఫిల్ పట్టినవానికి తెలుసు, ఆ బాధ్యత అతని కంటికీ చేతికీ అంటుకొని ఉంటుంది. బుట్ట అమర్చేవానిదీ అంతే. పొట్లం వేసినవానికి తప్పడానికి గురి ఏదీ లేదు. ఊదరలోనూ ఊపిరాడని బాధ ఉన్నది, దానిని సుకుమారంగా వర్ణించనక్కరలేదు. కాని అది నిమిషాల బాధ, మనిషి ఎదుటి బాధ. చంపే పద్ధతిని ఎన్నుకొనేటప్పుడు చచ్చేదానికి ఎంతసేపు పడుతుంది అని అడగాలి. ఇప్పుడు ఎన్నిక చంపేవాడు ఎంత తక్కువ చూడవలసివస్తుంది అనేదాన్ని బట్టి జరుగుతున్నది.

మందు తిని నీరసించిన ఎలుక పగటిపూట గట్టుమీదికి వస్తే ముంగిస, పాము, పిల్లి, గుడ్లగూబ దానిని సులభంగా పట్టుకొంటాయి; మందు వాటి శరీరాల్లోకీ చేరుతుంది. రాత్రిపూట ఎలుకలను వేటాడే గుడ్లగూబ వాలడానికి చేలలో కర్రలు పాతమని శాస్త్రజ్ఞులే చెబుతున్నారు. ఇంటిమీద వాలితే అశుభమని తరిమిన పక్షిని చేలోకి పిలుస్తూ, అది తినే ఎలుకకే మందు పెడుతున్నారు.

ఒకప్పుడు కలుగులో దాచిన వడ్లు ఎవరివి అనే విషయంలో మాట ఉండేది. విత్తినది రైతు, మోసుకొచ్చి దాచినది ఎలుక, తవ్వి తీసినది యానాది. ముగ్గురిలో చివరివానికి ఆ ధాన్యం చెందేది. మందు వేసిన కలుగును ఎవరూ తవ్వరు. తరువాతి పంటకు గట్లు చెక్కి బురద మెత్తినప్పుడు లోపలి గింజలతో, లోపల చచ్చినవాటితో సహా అది మూసుకుపోతుంది.