తల ఊపును నమ్మని సారు

చొప్పదండి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కరీంనగర్‌కు బస్సెక్కి డిగ్రీకో, శాతవాహన విశ్వవిద్యాలయంలో పీజీకో వచ్చే పిల్లల్లో, తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లు ఎందరో ఉంటారు. మంచి సారు ఎవరంటే వాళ్ల నోట తరచుగా వచ్చే మాట, "సమజయ్యేటట్టు చెప్తడు" అని. పాండిత్యం ఊసే లేదని ఈ జవాబును పెద్దలు చిన్నచూపు చూస్తారు. నాకు అందులో పెద్ద కోరికే కనిపిస్తుంది. పదో తరగతి దాకా తెలుగులో చదివిన అమ్మాయి అర్థశాస్త్రం క్లాసులో 'డిమాండ్ ఎలాస్టిసిటీ' దగ్గర ఆగిపోతుంది. "అర్థమైందా?" అనగానే తలలన్నీ ఊగుతాయి, ఆమెదీ ఊగుతుంది. ఆ తల ఊపును మంచి సారు నమ్మడు. కిలో టమాట 20 నుంచి 80కి పోతే మీ ఇంట్లో ఎంత తగ్గిస్తారు, ఉప్పు ధర పెరిగితే తగ్గిస్తారా అని అడిగి ఆమె చేతనే చెప్పిస్తాడు. ఆ తర్వాతే బోర్డు మీద సూత్రం, ఇంగ్లిష్ నిర్వచనం. తెలియదని నలుగురిలో చెప్పినా పరువు పోని క్లాసు: విద్యార్థులు అన్నిటికన్నా విలువిచ్చేది దీనికేనని నా నమ్మకం.

విద్యార్థుల ఇష్టాన్ని కొలబద్దగా పెట్టుకోవచ్చా అనే అభ్యంతరం గట్టిదే. అమెరికా వైమానిక దళ అకాడమీ రికార్డులతో క్యారెల్, వెస్ట్ అనే ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనం ఇబ్బందికరమైన సంగతి తేల్చింది. తాము బోధించిన కోర్సులో మంచి మార్కులు తెప్పించి, మంచి రేటింగులు పొందిన అధ్యాపకుల విద్యార్థులు పై కోర్సుల్లో సగటున వెనకబడ్డారు. ముఖ్యమైన ప్రశ్నలు చెప్పి గట్టెక్కించే సార్లకు మన దగ్గరా ఆ మెప్పు దొరుకుతుంది. కాలేజీలకు న్యాక్ ఇచ్చే గుర్తింపులో విద్యార్థుల సంతృప్తి సర్వేకూ చోటిచ్చారు కనుక ఇది మనకు దూరపు ముచ్చట కాదు. అయితే తప్పు పిల్లల విలువల్లో కన్నా మనం అడిగే వేళలో ఎక్కువ ఉంది. సెమిస్టర్ చివర, పరీక్ష మీదికొచ్చిన రోజుల్లో అడిగితే గట్టెక్కించినవాడే గుర్తొస్తాడు. చెప్పింది నిలిచిందో లేదో పై కోర్సులో కూర్చున్నాకే తెలుస్తుంది.

తెలుగులో విడమరిచి చెబితే ఇంగ్లిష్ ఎప్పటికి వస్తుందని మరికొందరి వాదన. ఉమ్మడి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలో చదివి, ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడై, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ్ అందుకున్నారు. భాష మారడం చదువుకు అడ్డుగోడ కానక్కరలేదని ఇది చెబుతుంది. కానీ అంతటి ప్రతిభ అరుదు. విశ్వవిద్యాలయం నడవాల్సింది మామూలు పిల్లల కోసం. తెలుగులో పట్టు దొరికిన భావానికి ఇంగ్లిష్ మాట తగిలించుకోవడం సులువు. భావమే లేకుండా బట్టీపట్టిన ఇంగ్లిష్ పరీక్ష హాలు దాటి రాదు.

కాబట్టి విశ్వవిద్యాలయాల పెద్దలకు నా మనవి ఒకటే. ఫీడ్‌బ్యాక్ ఫారం ఏడాది తర్వాత మరోసారి ఇవ్వండి. "ఆ క్లాసులో మీరెప్పుడైనా 'నాకు తెలియదు' అని ధైర్యంగా చెప్పగలిగారా?" అనే ప్రశ్న కూడా అందులో చేర్చండి.