సంతలో చేట బేరము

మొన్న సంతలో మేము ఒక చేటకు బేరమాడితిమి. పొద్దు వాలుచుండెను. మేదర తల్లి అడిగిన ధరలో సగము చెప్పి, అల్లిక వదులుగా ఉన్నదంటిమి. ఆమె ఇచ్చివేసెను. ఇంటికి వచ్చి, చేట ఎంత బిగువుగా నున్నదో పొరుగువారికి చూపి మురిసితిమి. సామెతలు 20వ అధ్యాయము 14వ వచనములో చెప్పబడిన కొనువాడు మేమే!

ఆమె ఒప్పుకొన్నది గదా, అన్యాయమేమి అని కొందరందురు. ఒప్పుకొన్నమాట నిజమే. ఎందుకు ఒప్పుకొన్నది? రాత్రికి బియ్యము కొనవలెను. అమ్ముడుపోని చేటలు పొయ్యి మీద ఉడకవు. వెదురు కొని, చీల్చి, బద్దలు సన్నగా చెక్కి అల్లవలెను, వ్రేళ్లు తెగుచుండును. ఆ కూలిని మేము లెక్కకట్టలేదు. ధర అచ్చువేసిన ప్లాస్టిక్ టబ్బు దగ్గర మాత్రము మనమెవరమును నోరెత్తము.

1946లో ఎడ్నా రూత్ బైలర్ అను అమెరికా దేశపు మెన్నోనైటు సహోదరి, పోర్టొరికో స్త్రీల కుట్టుపనిని తన దేశమునకు కొనిపోయి అమ్మసాగెను. న్యాయ వ్యాపారమను పద్ధతికి అది యొక ఆరంభము. ఆ పద్ధతిలో చేతిపనివారు కోరినయెడల సగము సొమ్మైనను వడ్డీ లేక ముందే ఇయ్యవలెను. ఆమె సముద్రము దాటి వెళ్లెను; మనకు మేదరవీధి నాలుగడుగులే.

ఈ యేటి కోతపండుగ కానుకల గంపలను ముందుగా చెప్పి, సగము సొమ్మిచ్చి, ఆ తల్లి చెప్పిన ధరకే కొనవలెనని మా సంఘములో తీర్మానించితిమి. ఒక పెద్ద మాత్రము ధర ఎక్కువని ఇంకను గొణుగుచున్నాడు.