బుడగయు, మాటయు

క్షణములో పగిలిపోవుదానికై శ్రమపడుట వివేకమా? సంసారము నీటిబుడగ వంటిదనియు, దానియందు మమకారము వలదనియు మన వేదాంతులు బోధించిరి. మన యిండ్లలోని పసివారు అదే బుడగ పగులగా చూచి, చప్పట్లు కొట్టి, మరియొకటి ఊదుదురు. ఈ యిరువురిలో ఎవరి చూపు సరియైనదో మనము విచారింపవలసియున్నది.

ఈ యాటకు వలయు సామగ్రి ప్రతి యింటను కలదు. నాలుగు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసివేసి, వేడినీట నానవేసి, పిసికి, వడగట్టవలెను. ఎండిన బొప్పాయికాడ ఊదుగొట్టముగా పనికివచ్చును. కుంకుడురసముతో చిన్న బుడగలే వచ్చును. పెద్దవి కావలెనన్న సబ్బునీట పాత గాజును ముంచి మెల్లగా ఊదవలెను. కొంచెము పంచదార కలిపినచో నీరు త్వరగా ఆవిరికాక, బుడగ మరికొంతసేపు నిలుచును. రసము కంటబడిన మండును గనుక పెద్దలు ప్రక్కనుండుట అవసరము.

సన్నని తీగను చతురస్రముగా వంచి ఊదినను బుడగ గుండ్రముగానే వచ్చును. ఏలయన, లోపలి గాలిని అతితక్కువ వైశాల్యముతో చుట్టగల ఆకారము గోళమే. పొరపై మెరయు రంగులు సబ్బులోనివి కావు. పలుచని పొర యొక్క రెండు తలములనుండి మరలిన వెలుగు కలియుటచే కలిగినవి. 1704లో వెలువడిన ‘ఆప్టిక్స్’ గ్రంథములో న్యూటన్ మహాశయుడు ఈ రంగులను శ్రద్ధగా వర్ణించెను. అంతటివానికి తగిన విషయము మన బిడ్డలకు తగదా?

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. 1936లో ఒరిస్సా, 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడును, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడును ఎల్లలు మారినవి. మన కుటుంబములు ఉన్నచోటనే యున్నవి. కుంకుడును కన్నడిగులు అంటువాళ యందురు, మరాఠీవారు రిఠా యందురు. ఆ మాటలు బిడ్డకు వీధిలో లభించును, లభించుట మేలే. కాని ‘నానవేయుట’, ‘పిసుకుట’, ‘నురగ’, ‘వడగట్టుట’ యను మాటలు మన చేతిప్రక్కన తప్ప వారికి వేరెచ్చటను లభింపవు. అంగడిలో కొన్న ప్లాస్టిక్ సీసా బుడగల నిచ్చును గాని, ఈ మాటల నీయదు.

పగలెల్ల పనిచేసి అలసివచ్చు తల్లిదండ్రులకు తీరిక యెక్కడిదని కొందరడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. కొనుట దోషమని మనము చెప్పుటలేదు. వారమున కొక అరగంట చాలుననియే మన మనవి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. సీసా కొన్న బిడ్డ ద్రవము తరిగినపుడు ఏడ్చును. చేయ నేర్చిన బిడ్డ ఏడువడు, మరల కలుపుకొనును. పోవుదానిని గూర్చి దుఃఖింపకుండుటయే వైరాగ్యమైనచో, అది వస్తువును తృణీకరించుటవలన గాక, మరల చేయగల నేర్పువలన కూడ కలుగునని పసివారు మనకు చూపుచున్నారు. వేదాంతియు, పసివాడును విరోధులు కారు.

పలికిన మాటయు బుడగవలెనే గాలిలో కలిసిపోవును. మరియొకరు మరల పలికినపుడే దానికి బ్రతుకు. పరదేశమున తెలుగు తరుగుచున్నదని సభలలో చింతించుట కంటె, పెరటిలో బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని నాలుగు కుంకుడుకాయలు కొట్టుట మన చేతిలోని పని.