అడిగి ఎక్కవయ్యా చెట్టు!

మా అమలాపురం వైపు కొబ్బరిచెట్టెక్కే విద్య అందరికీ పట్టుబడదు. వచ్చినవాళ్ళలో ఒకడు పిలిస్తే వచ్చి దింపు తీసి, కూలి పుచ్చుకుంటాడు. ఇంకొకడు రాత్రిపూట పరాయి తోటలో ఎక్కుతాడు. చిక్కల్లా మూడోవాడితోనే! అడక్కుండా ఎక్కి, ఒక్క కాయైనా ముట్టకుండా దిగి, "మీ చెట్టు మొవ్వులో కొమ్ముపురుగు పడిందండీ" అంటాడు.

కంప్యూటర్ హ్యాకర్లూ ఇంతే. యజమాని రమ్మంటే వచ్చి లొసుగులు వెదికిపెట్టేవాళ్ళు తెల్లటోపీలు. దోచుకునేవాళ్ళు నల్లటోపీలు. 2022 జనవరిలో హైదరాబాదు మహేష్ బ్యాంకులోంచి 12 కోట్లకు పైగా తరలించింది ఈ బాపతే. చెప్పకుండా దూరి, ఆనక మంచి చెప్పేవాళ్ళు బూడిదరంగు టోపీలు. డబ్బు, కక్ష, పేరు, ఆశయం, వట్టి కుతూహలం... ఎవరి కారణం వాళ్ళకుంది.

ఉద్దేశం మంచిదైతే తప్పులేదంటారు కొందరు. మన 2000 నాటి ఐటీ చట్టం అలా అనదు. అనుమతి లేకుండా దూరితే నష్టపరిహారం. దురుద్దేశమూ తోడైతే మూడేళ్ళదాకా జైలు. అంటే ముందు ప్రశ్న "ఎందుకు దూరావు?" కాదు, "అడిగావా?" అన్నది.

ఇదేదో కంప్యూటర్లవాళ్ళ గొడవ, మనకెందుకనుకుంటున్నారా? భార్య ఫోను చాటుగా తెరిచే భర్తా, కూతురి మెసేజీలు చదివే తల్లీ "నీ మంచికేగా" అనే అంటారు. పోయిన సొమ్ముకి పోలీసులున్నారు. ఇంట్లో పోయిన నమ్మకానికి ఎవరున్నారు చెప్పండి? పసిపిల్లల సంగతి వేరు, కాపలా ఉండాల్సిందే. ఎదిగిన మనిషిని మాత్రం అడగాలి. వద్దంటే ఊరుకోవాలి. నిజంగా పురుగుందని భయమైతే, చెట్టు కిందే నిలబడి ఆ మాట చెప్పొచ్చు కదా!