ఫేస్ కాడ నిలబడు

బిడ్డా,

"దేవునికి అన్నీ ముందే ఎరుకైనప్పుడు ఇగ నేను ఎంచుకునేదేంది తాతా?" అని అడిగినవ్. అప్పుడు దాటేసిన. ఫోన్ల తేలే ముచ్చట కాదది, అందుకే రాస్తున్న.

నువ్వు యూదుల మర్మవిద్య కబాలా చదువుతున్నవని మీ అమ్మ భయపడుతున్నది. చేతబడి పుస్తకమనుకున్నది. చదువనియ్యమని చెప్పిన. 40 ఏండ్లు నిండేదాంక దాని జోలికి పోవద్దని యూదుల్లనే ఒక కట్టుబాటు ఉన్నది గాని, ఆ విద్యకు పెద్దదిక్కు ఐజాక్ లూరియా 38 ఏండ్లకే కాలం చేసిండు. ఇగ నీ వయసును నేనెట్ల అడ్డం పెడుత? మనకు సంబంధం లేని దూరపు ముచ్చట అని కూడ అనను. గుంటూరు దిక్కు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంల తెలుగు మాట్లాడే యూదులే ఉన్నరు. బెనె ఎఫ్రాయిమ్ అంటరు వాళ్లను. 1991ల ప్రార్థనామందిరం కూడ పెట్టుకున్నరు.

అయితే నీ అడుగుడు దేవుని గురించి కాదని నాకెరుకే. బొగ్గు బాయిల పని చేసే మీ బాపు మెడికల్ అన్‌ఫిట్ అయిండు. వారసత్వ ఉద్యోగాలను 2017ల హైకోర్టు కొట్టేసినంక కారుణ్య నియామకాలని వచ్చినయి. ఆ దారిల నీకు బాయి మీద నౌకరి వచ్చేటట్టున్నది. ఇటు చూస్తే హైదరాబాద్ల నీ చదువు నడుమల ఉన్నది. "నా రాతల బాయే ఉంటే ఈ చదువెందుకు" అనేదాంక వచ్చినవ్. నాకు గుబులైంది ఆ మాట కాడనే.

నువ్వు చదివే కబాలాలనే ఒక ముచ్చట ఉన్నది. సృష్టికి ముందు అంతట దేవుడే నిండి ఉన్నడట. ఇంకోటి పుట్టాలంటే జాగ కావాలె గద, అందుకని తనను తాను వెనక్కి జరుపుకున్నడని లూరియా చెప్పిండు. 1570 ప్రాంతంల, గలిలయల సఫెద్ అనే కొండ ఊర్ల చెప్పిన మాట. శిష్యుడు హయీం విటాల్ రాసిపెట్టిండు. నన్నడిగితే ఇది పిల్లల కన్న ముందు పెద్దలు చదువాలె. ఇంటినిండ మా మాటే ఉంటే మీకు నిలబడే జాగేది? నౌకరి చెయ్యమని గాని వద్దని గాని ఈ ఉత్తరంల నేను రాయకపోవుడు అందుకే.

తర్వాతి ముచ్చట నాకు ఇంక బాగ నచ్చింది. దేవుని వెలుగును పట్టుకోవాల్సిన పాత్రలు పగిలిపోయినయట. దేనికది ఒంటరిగ నిలబడ్డది, ఒకదానికొకటి తూకం కాలేదు, అందుకు పగిలినయి. అందుకే కబాలాల దేవుని పది గుణాలను మూడు నిలువు వరుసలల చూపిస్తరు. కుడి దిక్కు దయ, ఎడమ దిక్కు కట్టడి, నడుమ రెంటిని కలిపే సొగసు. ఉత్త దయ కూడ పాత్రను పగలగొడతది. మీ బాపును చూడు, జీతం రోజు గేటు కాడ అడిగినోనికల్ల చేబదులిచ్చి ఖాళీ జేబుతోని ఇంటికొచ్చేటోడు. నువ్వేమో పూర్తిగ ఎడమ దిక్కు. నాలుగు మార్కులు తగ్గితే రెండు పూటలు అన్నం మానేస్తవ్.

ఇగ నువ్వడిగినదానికొస్త. ఇటలీల పాదువాల పుట్టిన మోషె హయీం లూజాట్టో (1707–1746) అనే కబాలా పండితుడు ఏమంటడంటే, మంచి మనిషి సొంత సంపాదన కావాలె. అందుకే వాణ్ణి మంచికి చెడుకు సరిగ్గ నడుమ నిలబెట్టిన్రట, ఎటు మొగ్గాల్నో వాని చేతులనే ఉన్నది. పోయిన శతాబ్దంల ఎలియాహు డెస్లర్ (1892–1953) ఇంకో అడుగు ముందుకేసిండు. మనిషి ప్రతి పనిల ఎంచుకోడు, రెండు దిక్కుల గుంజుడు సమానమైన కాడ మాత్రమే ఎంచుకుంటడు అన్నడు. పక్కోని పర్సు కొట్టేయాల్నా వద్దా అని నీ లోపల పోరాటం లేదు, అది మీ అమ్మ పెంపకంలనే తేలిపోయింది. ఉన్నదంత దానం చేసుడు ఇయ్యాల నీ వల్ల కాదు. రెంటి నడుమ ఎక్కడనో ఒక్క జాగల నువ్వు నిజంగ కొట్టుకుంటున్నవ్. నీ స్వేచ్ఛ అంత ఆ ఒక్క జాగలనే ఉన్నది.

ఇది చదివినప్పుడు నాకు మన అడ్రియాల బొగ్గు గనిల లాంగ్‌వాల్ కండ్లల్ల మెదిలింది. షీరర్ మిషన్ బొగ్గు కోసుకుంట పోతది, కప్పును మోసే పవర్డ్ సపోర్టులు ఒక్కొక్కటే ముందుకు జరుగుతయి, వెనుక ఇడిసిపెట్టిన కప్పు కూలి గోఫ్ అయితది. ముందటంత గట్టి బొగ్గు. మనిషి నిలబడి పని చేసేది ఆ నడిమి ఇరుకు జాగలనే, బొగ్గు కోసే ఫేస్ కాడ. ఇంకో సంగతి, వెనుక కప్పు కూలుడు చెడ్డ కాదు. కూలాల్సింది కూలకుంట ఏలాడితే ఆ బరువంత ఫేస్ మీదికి వస్తది. గనిల సర్దార్ పని చేసినోన్ని, ఆ చప్పుడు లేని బరువుకు ఎంత భయపడతమో నాకెరుక. ఇంటర్ల తప్పిన సబ్జెక్టును నువ్వు ఇంక ఏలాడదీసుకొనే ఉన్నవ్. పడనియ్యి దాన్ని. ఇంకో దిక్కు, ముప్పై ఏండ్ల తర్వాత ఏమైతనో అని ఇయ్యాల్నే తవ్వబోతున్నవ్, అది గట్టి బొగ్గు, ఇంక నీ వంతు రాలేదు. ఫేస్ కాడ పని చేసినకొద్ది ఫేసే ముందుకు జరుగుతది. నిరుడు పొద్దుగాల లేచుడే నీకు యుద్ధం. ఇప్పుడది యుద్ధమే కాదు.

మనోళ్లు ఈ మాట అననే లేదనుకోకు. దైవమనేది నిన్నటి ప్రయత్నమే, ఇయ్యాల్టి ప్రయత్నం బలంగుంటే దాన్ని గెలుస్తదని యోగవాసిష్ఠంల వసిష్ఠుడు రామునికి చెప్పిండు. పదహారేండ్లు నిండని రాముడు అన్నీ ఇడిసిపెట్టి కూసున్నప్పుడు.

ఈ ఎంచుకునుడుకు ఒక హద్దు మాత్రం చెప్పాలె. 2003 జూన్ 16న 7ఎల్ఈపీ గనిలకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయిన్రు. ఆ షిఫ్ట్‌కు పోవుడు వాళ్లు ఎంచుకున్నరు, నీళ్లను ఎంచుకోలేదు. "వాళ్ల రాత" అనేటోళ్ల మాట నేను అప్పుడు ఇనలేదు, ఇప్పుడు ఇనను. సొంత స్వేచ్ఛ గురించి ఎంత గొప్పగ చెప్పిన పుస్తకమైన సరే, ఎదుటోని చావుకు లెక్క చెప్పవోతే మూసెయ్యి.

ఇప్పటికి నీ ముందట ఉన్నది ఇంతే. ఈ ఆదివారం ఇంటికి రా. బాపు పక్కన కూసో, నౌకరి తీసుకుంటే చదువు ఎట్ల పూర్తి చేస్తవో, తీసుకోకపోతే ఇల్లు ఎట్ల నడుస్తదో, రెండు లెక్కలు కాయితం మీద పెట్టు. అప్లికేషన్ గడువు ఏరియా ఆఫీసుల కనుక్కో. అమ్మను వంటింట్ల ఉంచకు, ముందట కూసోబెట్టు. నేనూ వస్త గాని మాట్లాడ. నువ్వు అడిగితేనే నోరు తెరుస్త.

మీ తాత