కణానికి అమరత్వం వస్తే?

మన క్రోమోజోముల చివర టెలోమియర్లనే తొడుగులుంటాయి. కణం విభజన చెందిన ప్రతిసారీ అవి కొంచెం అరుగుతాయి. వాటిని మళ్లీ పెంచేది టెలోమరేజ్ ఎంజైమ్. 2012లో స్పెయిన్‌లో మరియా బ్లాస్కో బృందం ఆ జన్యువును ఏడాది వయసు ఎలుకలకి ఎక్కిస్తే ఆయుష్షు సుమారు 24 శాతం పెరిగింది, క్యాన్సర్ పెరగలేదు. కానీ మనుషుల్లో దాదాపు 90 శాతం క్యాన్సర్లు బతికేదీ ఈ ఎంజైమ్‌తోనే. ఎగ్జిట్ కండిషన్ లేని లూప్‌లా, ఆ కణానికి ఆగడం తెలీదు.

యయాతి కూడా అంతే. కొడుకు పూరుడి యవ్వనం తీసుకుని వెయ్యేళ్లు అనుభవించినా కోరిక తీరలేదు, చివరికి తిరిగిచ్చేశాడు.

మరి ఆయుష్షు కోరడం తప్పా? నూరేళ్లు చల్లగా ఉండమనే కదా పెద్దలు దీవించేది! ఆ మందు భద్రమని తేలితే అమ్మకి ఇప్పిస్తాను. నేను తీసుకునే ముందు మాత్రం, ఆ అదనపు ఏళ్లు ఎవరికి ఉపయోగమో చెప్పుకోగలగాలి.